ఎయిర్‌పోర్ట్ ప్రాజెక్టులో కన్సల్టెన్సీ చేయడం ఎలా: ఓపెనింగ్ రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి

భోగాపురం ఎయిర్‌పోర్ట్ పనులు ఊపందుకున్న దగ్గర్నుంచి మా వైపు కుర్రాళ్ళు చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "అన్నయ్యా, మేం రోడ్లు చేశాం, ఫ్యాక్టరీ షెడ్లు చేశాం, అపార్ట్‌మెంట్లు చేశాం, ఎయిర్‌పోర్ట్ కన్సల్టెన్సీలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి, వచ్చాక అసలు ఏం చేయాలి" అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పినా ఫోన్ పెట్టేశాక సగం మర్చిపోతున్నారు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నేను పదిహేడేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, ఎక్కువ కాలం ఓనర్ తరఫు పీఎంసీలో (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీ), మధ్యలో ఒక ఎయిర్‌లైన్ హ్యాంగర్ (విమానాలు నిలిపి రిపేర్ చేసే షెడ్డు) పని, గల్ఫ్‌లో ఓ మూడేళ్ళు.

ముందు ఒక విషయం బుర్రలో పడాలి. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలైంది. ముందు రోజు దాకా బేగంపేటలో దిగిన విమానాలు అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో దిగాయి, అంత పెద్ద ఊరి ఎయిర్‌పోర్ట్ ఒక్క రాత్రిలో మారిపోయింది. సరిగ్గా నాలుగు రోజులకి, మార్చి 27న, లండన్ హీత్రూలో టెర్మినల్ 5 తెరిచారు. అనుకున్న టైముకే కట్టారు, బిల్డింగ్‌లో వంక పెట్టేదేం లేదు. కానీ తెరిచిన రోజు పొద్దున్నే స్టాఫ్‌కి కార్ పార్కింగ్ ఎక్కడో తెలీలేదు, సెక్యూరిటీ చెక్ దగ్గర ఇరుక్కుపోయారు, లోపలికెళ్ళినవాళ్ళు బ్యాగేజ్ సిస్టమ్‌లోకి లాగిన్ అవ్వలేకపోయారు, పైగా టెస్టింగ్ టైములో పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ తీయడం మర్చిపోయారు. వందల ఫ్లైట్లు క్యాన్సిల్, వేల బ్యాగులు నేల మీద. బెర్లిన్ కొత్త ఎయిర్‌పోర్ట్ ఇంకో రకం. 2012 జూన్ 3న ఓపెనింగ్ అని చెప్పి, ఇంకో నాలుగు వారాలు కూడా లేవనగా మే 8న ఆపేశారు, మంటలొస్తే పొగ బయటికి లాగే సిస్టమ్ పాస్ అవ్వలేదు. చివరికి తెరిచింది 2020 అక్టోబర్ 31న.

ఈ రెండు చోట్లా కాంక్రీటు పోయలేక ఆగిపోలేదు. రేపు పొద్దున్న దీన్ని నడిపేవాళ్ళు ఎవరు, వాళ్ళకి ఏం కావాలి, ఏ కాగితం ఎప్పటికి చేతికి రావాలి అన్నది ఎవరో ఒకరు మొదటి రోజు నుంచీ పట్టుకుని కూర్చోవాలి. ఆ కూర్చునేవాడే కన్సల్టెంట్. డ్రాయింగులు చూసి సంతకం పెట్టడం అందులో ఒక ముక్క మాత్రమే.

ఎవరి తరఫున కూర్చున్నారో ముందు తెలుసుకోండి

ఎయిర్‌పోర్ట్‌లో కన్సల్టెంట్ అంటే ఒకరు కాదు. డిజైన్ చేసేవాళ్ళు వేరు, ఓనర్ తరఫున కాంట్రాక్టర్ పని చూసే పీఎంసీ వేరు, బ్యాంకుల తరఫున డబ్బు ఎటు పోతోందో చూసే ఇంజినీర్ వేరు, కన్సెషన్, అంటే కట్టి నడుపుకునే హక్కు, ఇచ్చిన ప్రభుత్వానికీ కట్టేవాళ్ళకీ మధ్య నిలబడే ఇండిపెండెంట్ ఇంజినీర్ వేరు, ఎయిర్‌లైన్ తరఫున లాంజ్, ఆఫీసు, హ్యాంగర్ చూసేవాళ్ళు వేరు, చివర్లో ట్రయల్స్ నడిపి ఓపెనింగ్‌కి సిద్ధం చేసే ఓరాట్ టీమ్ వేరు. అదే డ్రాయింగ్ మీద ఒక్కొక్కరు చూడాల్సింది ఒక్కోటి. పీఎంసీలో ఉండి డిజైనర్‌లా లెక్కలన్నీ మళ్ళీ చేయడం మొదలుపెడితే సైట్ ఆగిపోద్ది, ఇండిపెండెంట్ ఇంజినీర్ సీట్లో ఉండి ఓనర్ మనిషిలా మాట్లాడితే మీ సంతకానికి విలువ పోద్ది.

భోగాపురమే తీసుకోండి. స్థలం, కన్సెషన్ రాష్ట్ర ప్రభుత్వానివి, కట్టి నడిపేది జీఎంఆర్, సివిల్ పని ఎల్ అండ్ టీ చేతిలో. వీళ్ళే అనుకుంటే పొరపాటు. లైసెన్స్ ఇచ్చేది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, టవర్, రాడార్, నావిగేషన్ పరికరాలు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి, సెక్యూరిటీ ప్లాన్ విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ చూడాలి, గేట్ల దగ్గర నిలబడేది సీఐఎస్ఎఫ్, కస్టమ్స్, ఇమిగ్రేషన్, వాతావరణ శాఖ, ఇంధన కంపెనీలు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ వాళ్ళు, ఆ తర్వాత ఎయిర్‌లైన్స్. ఒక్కొక్కరికీ గదులు కావాలి, కరెంట్ కావాలి, కేబుల్ దారి కావాలి, ఒక్కొక్కరి ఆఫీసూ ఒక్కో ఊళ్ళో ఉంటుంది. మొదటి వారంలోనే ఒక పేజీ తయారు చేయండి, ఎవరికి ఏం కావాలి, ఎవరి సంతకం లేకపోతే ఏది ఆగుద్ది, వాళ్ళతో మన వైపు నుంచి మాట్లాడే మనిషి ఎవరు అని. ఎంత పెద్ద ప్రాజెక్టులో అయినా ఆ పేజీ లేకపోవడం నేను చూశా, మెయిల్స్ మాత్రం వేలల్లో ఉంటాయి.

క్యాలెండర్ వెనక నుంచి వేయండి

మామూలుగా మనం తవ్వకం నుంచి మొదలెట్టి ముందుకి వేస్తాం. ఇక్కడ మొదటి విమానం దిగే రోజు నుంచి వెనక్కి రావాలి. దిగాలంటే లైసెన్స్ ఉండాలి, లైసెన్స్‌కి ఇన్‌స్పెక్షన్ అవ్వాలి, ఇన్‌స్పెక్షన్‌కి ఎయిర్‌పోర్ట్‌ని ఎలా నడుపుతారో చెప్పే ఏరోడ్రోమ్ మాన్యువల్ ఉండాలి, ఫైర్ స్టేషన్‌లో ట్రెయినింగ్ అయిన మనుషులుండాలి, ఐఎల్ఎస్‌నీ (రేడియో సిగ్నల్‌తో విమానానికి రన్‌వే దారి చూపే పరికరం), పాపీ లైట్లనీ (దిగే కోణం సరిగ్గా ఉందో లేదో చూపే లైట్లు) కాలిబ్రేషన్ విమానం వచ్చి చెక్ చేసుండాలి, ఆ విమానం డేట్ మన చేతిలో ఉండదు.

అన్నిట్లోకీ జనం మర్చిపోయేది ఎయిరాక్, అంటే ఎయిర్‌పోర్ట్ సమాచారంలో మార్పులు అమల్లోకొచ్చే తేదీల పద్ధతి. కొత్త రన్‌వే గానీ, పొడిగించిన రన్‌వే గానీ, కొత్త ట్యాక్సీవే (విమానం రన్‌వేకి వెళ్ళొచ్చే దారి) గానీ ప్రపంచంలో ఉన్న పైలట్లందరి చార్టుల్లోకీ ఒకే రోజు ఎక్కాలి. ఆ రోజులు ముందే ఫిక్స్ అయి ఉంటాయి, 28 రోజులకోసారి వస్తాయి. సమాచారం కనీసం 28 రోజుల ముందే వాడేవాళ్ళ చేతికి చేరాలి, పెద్ద మార్పులైతే 56 రోజుల ముందు ప్రచురించమంటారు, దానికి ముందు మన సర్వే డేటా తయారై, చెక్ అయి, వెళ్ళుండాలి. అంటే రెండు మూడు నెలలు ఇక్కడే పోతాయి.

ఒక ఎయిర్‌పోర్ట్‌లో, పేరొద్దు, రన్‌వే పొడిగింపు పనికి నేను పీఎంసీలో ఉన్నా. తారు పడింది, లైట్లు వెలిగాయి, తెల్ల మార్కింగ్ ఆరిపోయింది, చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంది. కొత్త రన్‌వే చివర కోఆర్డినేట్లు పంపాల్సింది మాకు సర్వే చేసిన ఏజెన్సీ అని మేం అనుకున్నాం, ఆపరేటర్ అని వాళ్ళు అనుకున్నారు, కట్‌ఆఫ్ డేట్ దాటిపోయింది. ఆ సైకిల్ పోయింది, తర్వాతదానికీ అందలేదు. దాదాపు రెండు నెలలు అంత పొడుగు కొత్త రన్‌వే మీద క్రాస్ గుర్తులేసి ఎండలో పెట్టాం. రోజూ పొద్దున్న సైట్‌కెళ్తూ అది చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. అప్పట్నుంచి ఏ పనికెళ్ళినా నా గోడ మీద మొదట అతికించేది ఎయిరాక్ తేదీల కాగితమే, పక్కన ఆ డేటా పంపాల్సిన మనిషి పేరు ఉంటుంది. ఏజెన్సీ పేరు రాస్తే లాభం లేదు, మనిషి పేరు రాయండి.

ఏం చదవాలి

ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) వాళ్ళ ఎయిర్‌పోర్ట్ నియమాలు అనెక్స్ 14, దాన్ని మన దేశానికి అన్వయించిన డీజీసీఏ రూల్స్ సీఏఆర్. ఈ రెండూ పక్కన పెట్టుకుని ఏదో ఒక ఎయిర్‌పోర్ట్ లేఅవుట్ ముందేసుకుని చదవండి, ఉత్తినే చదివితే ఎక్కదు. రెక్కల వెడల్పుని బట్టి విమానాలకి కోడ్ అక్షరాలుంటాయి, ఏ320, 737 లాంటివి సీ, అంటే 36 మీటర్ల లోపు, 777, 787 లాంటివి ఈ, 65 లోపు, ఏ380 ఎఫ్, 80 లోపు. ట్యాక్సీవే ఎంత దూరంలో ఉండాలి, విమానం ఆగే స్టాండ్ ఎంత వెడల్పు అన్నవన్నీ ఈ అక్షరం చుట్టూనే తిరుగుతాయి. ఓనర్ "భవిష్యత్తులో పెద్దవి కూడా రావాలి" అని నోటిమాటగా అంటాడు, ఆ మాటకి ఎకరాలు, కోట్లు కదులుతాయి, కాబట్టి అక్షరం ఏదో రాతపూర్వకంగా తీసుకోండి.

రోడ్ల నుంచి వచ్చినవాళ్ళకి ముందు కొత్తగా అనిపించేది రన్‌వే స్ట్రిప్. పెద్ద ఇన్‌స్ట్రుమెంట్ రన్‌వేకి సెంటర్ లైన్ నుంచి రెండు వైపులా 140 మీటర్లు ఖాళీగా, చదునుగా ఉంచాలి, అందులో తప్పనిసరై పెట్టాల్సిన లైట్లు, బోర్డులు కూడా విమానం తగిలితే విరిగిపోయేలా ఉండాలి. చివర 60 మీటర్ల స్ట్రిప్, దాని తర్వాత రెసా (విమానం రన్‌వే దాటేస్తే ఆగడానికి ఉంచే చోటు), కనీసం 90 మీటర్లు, ఉండాల్సింది 240. డ్రైనేజీ ఇంజినీర్ తన లెక్క ప్రకారం ఒక ఓపెన్ డ్రెయిన్‌ని సరిగ్గా ఆ స్ట్రిప్‌లో గీస్తాడు, రోడ్డు పక్కన అయితే అది కరెక్టే. 2010లో మంగళూరు, 2020లో కోళికోడ్, రెండు ప్రమాదాల్లోనూ విమానం రన్‌వే దాటేసి లోయలోకి పడింది. ఆ చివరి మీటర్ల గురించి ఎవరైనా "కొంచెం తగ్గిద్దాం" అంటే ఈ రెండు పేర్లు గుర్తుచేయండి, నేను మీటింగుల్లో గుర్తుచేస్తా.

పేవ్‌మెంట్ బలం చెప్పే పద్ధతి కూడా మారింది, పీసీఎన్ అనే పాత నంబర్ పోయి 2024 నవంబర్ 28 నుంచి పీసీఆర్ వచ్చింది. పాత రిపోర్ట్ కాపీ కొట్టి పీసీఎన్ రాసి పంపే కన్సల్టెంట్లు ఇంకా ఉన్నారు, అక్కడే దొరికిపోతారు.

నడుస్తున్న ఎయిర్‌పోర్ట్‌లో రాత్రి పని

కొత్తగా కట్టడం సులువు. రోజూ విమానాలు దిగే చోట పని చేయించడమే కష్టం, కన్సల్టెంట్‌గా మన అవసరం ఎక్కువ ఉండేదీ అక్కడే. రాత్రి 11కి రన్‌వే మూస్తారనుకోండి, పొద్దున్న 5కి ఇచ్చేయాలి. ఆరు గంటలు కదా అని కాంట్రాక్టర్ ఆరు గంటల పని ప్లాన్ చేస్తాడు. మీరు వెనక నుంచి లెక్కేయించండి. 5కి తెరవాలంటే నాలుగున్నరకి ఎయిర్‌పోర్ట్ వాళ్ళ ఇన్‌స్పెక్షన్, దానికి ముందు అరగంట ఊడ్పు, దానికి ముందు కొత్త తారు చల్లారాలి, పాతదానికీ కొత్తదానికీ మధ్య వాలు సరిచేయాలి, అంటే మూడింటికి తారు పరిచే పేవర్ ఆగాలి. మొదట్లో మెషీన్లు లోపలికి రావడానికే ముప్పావుగంట. ఇక పని జరిగేది మూడుంపావు గంటలు మించదు. పేవర్ చెడిపోతే ఏం చేస్తారు, వాన పడితే ఏ టైముకి "ఇవాళ్టికి వద్దు" అంటారు, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది, ఇవన్నీ పని ఎలా చేస్తారో రాసిచ్చే మెథడ్ స్టేట్‌మెంట్‌లో ఉండకపోతే సంతకం పెట్టొద్దు.

చివరి నడక మాత్రం మీరే చేయండి, కుర్చీలోంచి అడగొద్దు. నాకు మా పాత సీనియర్ నేర్పింది ఇది. టార్చి పైనుంచి వేయకుండా మోకాళ్ళ మీద వంగి నేలకి ఆనించి పట్టుకుంటే, చిన్న బోల్టుకి కూడా మూరెడు నీడ పడుద్ది, కంటికి కనపడనిది నీడతో కనపడుద్ది. ఒక తెల్లారుజామున అలాగే నడుస్తుంటే లైట్ ఫిక్సింగ్ దగ్గర 17 నంబర్ స్పానర్ కనపడింది. పని ముగిశాక టూల్స్ లెక్క కరెక్ట్ అని రాసిచ్చేశారు అప్పటికే. అందుకే టూల్ బోర్డు మీద ఒక్కో పనిముట్టు ఆకారం గీయించి, ఖాళీ కనపడితే ఎవరూ బయటికి వెళ్ళకూడదని రూల్ పెట్టించా. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ కూలిపోవడానికి మొదలు రన్‌వే మీద పడున్న ఒక లోహపు పట్టీ, అర మీటర్ కూడా లేదు, 113 మంది పోయారు.

ఎయిర్‌లైన్ తరఫున హ్యాంగర్ అడిగితే

శంషాబాద్ చుట్టూ ఎంఆర్‌ఓ (విమానాల మెయింటెనెన్స్, రిపేర్) పనులు పెరుగుతున్నాయి కాబట్టి మనవాళ్ళకి ఈ అవకాశం ఎక్కువ. షెడ్లు కట్టినవాళ్ళు "పెద్ద షెడ్డే కదా" అనుకుంటారు. ఏ320 తోక ఎత్తు 12 మీటర్లకి కాస్త తక్కువ, 777 అయితే 18 దాటుతుంది, ఆ లెక్కతో తలుపు ఎత్తు పెట్టేస్తారు. లోపల విమానాన్ని జాకీల మీద లేపి చక్రాలు చెక్ చేస్తారు కదా, అప్పుడు తోక ఇంకా పైకెళ్తుంది, పైన క్రేన్ తిరగాలి, దాని పైన ఫైర్ పైపులు. ముందు మెయింటెనెన్స్ వాళ్ళతో రోజంతా కూర్చుని, వాళ్ళు విమానం చుట్టూ ఎలా తిరుగుతారో చూడండి, ఆ తర్వాతే పెన్సిల్ పట్టుకోండి.

ఇంకో రెండు సంగతులు. హ్యాంగర్ ఎత్తుకి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ దగ్గర హైట్ క్లియరెన్స్ కావాలి, కట్టేటప్పుడు నిలబెట్టే క్రేన్‌కి కూడా కావాలి, క్రేన్ సంగతి మర్చిపోయి ఆగిన పనులు బోలెడు. రెండోది, అంత పెద్ద రేకు గోడ మీద ఐఎల్ఎస్ సిగ్నల్ పడి తిరిగొస్తే పైలట్‌కి తప్పు దారి చూపించొచ్చు, అందుకని గోడ ఎటు తిరిగుందో, ఎంత వంపులో ఉందో చూసి స్టడీ చేయించాలి. స్థలం లీజు సంతకం అవ్వకముందే ఇది చేయించమని ఎయిర్‌లైన్‌కి చెప్పండి, సంతకం అయ్యాక చెప్తే మీ ఫీజు కంటే వాళ్ళ నష్టం ఎక్కువుంటుంది.

టెర్మినల్, ట్రయల్స్

టెర్మినల్ లోపల గొడవలన్నీ రెండు ప్యాకేజీల మధ్య గీత దగ్గరే పుడతాయి. బ్యాగేజ్ కన్వేయర్ ఒకరిది, దానికి కరెంట్ ఇంకొకరిది, చెక్ఇన్ కౌంటర్ కంప్యూటర్లు మూడోవాళ్ళవి, పైన పొగ లాగే డక్ట్ నాలుగోవాళ్ళది. ప్రతి గీత దగ్గరా ఎవరి పని ఎక్కడ ఆగుద్ది, ఏ కనెక్టర్‌తో, ఏ తేదీకి అని ఇంటర్‌ఫేస్ రిజిస్టర్ పెట్టండి. వారానికోసారి అందర్నీ కూర్చోబెట్టి అదొక్కటే చదవండి. డ్రాయింగ్ మీద కామెంట్ రాస్తే "చూసుకోండి", "పరిశీలించగలరు" అని రాయకండి, ఏ గ్రిడ్ దగ్గర, ఏ లెవెల్లో, ఏది దేనికి తగులుతోందో, ఏ క్లాజ్ ప్రకారం తప్పో రాయండి.

ట్రయల్స్‌కి కనీసం ఆరు నెలల ముందు నుంచి మనుషుల్ని కూడగట్టాలి. ఒకచోట బ్యాగేజ్ ట్రయల్‌కి కంపెనీ వాళ్ళు ఒకే సైజు సూట్‌కేసులు రెండొందలు తెచ్చి తిప్పి, అంతా పాస్ అన్నారు. మన గల్ఫ్ ప్యాసింజర్ల సామాను ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, మర్నాడు తాడు కట్టిన అట్టపెట్టెలు, చుట్టిన దుప్పట్ల మూటలు, బెల్టు వేలాడే సంచులు తెప్పించి వేయించా. ఏడో పెట్టె తాడు కొస రెండు బెల్టులు కలిసే చోట సందులోకి పోయి మొత్తం లైన్ ఆగింది. దాన్ని తీయడానికి టెక్నీషియన్ మెట్లు లేని చోటికి నిచ్చెన వేసుకుని ఎక్కాల్సొచ్చింది, అప్పుడు గానీ అక్కడ ప్లాట్‌ఫామ్ కావాలని ఎవరికీ తట్టలేదు. ప్యాసింజర్ ట్రయల్‌కి కూడా ఆఫీసు కుర్రాళ్ళని కాదు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎస్కలేటర్ ఎప్పుడూ ఎక్కని పెద్దమ్మల్ని, చంటిపిల్లల తల్లుల్ని, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళని పిలవండి. బోర్డులు తెలుగులో ఎక్కడ లేవో వాళ్ళు పది నిమిషాల్లో చెప్పేస్తారు.

పని దొరకడం, డబ్బులు

పీఎంసీ టెండర్లకి పాత ఎయిర్‌పోర్ట్ అనుభవం అడుగుతారు, చిన్న ఫర్మ్‌కి నేరుగా దొరకదు. సబ్ కన్సల్టెంట్‌గా ఒక్క ముక్క పట్టుకోండి: ఎత్తైన అడ్డంకుల సర్వే, పేవ్‌మెంట్ టెస్టింగ్, డ్రైనేజీ, ఫైర్, బిమ్ (కంప్యూటర్‌లో త్రీడీ) మోడలింగ్. హైదరాబాద్‌లో కూర్చుని గల్ఫ్ ఎయిర్‌పోర్టులకి మోడల్స్ చేసే మనవాళ్ళు చాలామంది ఇలాగే మొదలెట్టారు.

కన్సల్టెన్సీ టెండర్లలో చాలావరకు క్వాలిటీకీ రేటుకీ కలిపి మార్కులుంటాయి. 70:30 అనుకోండి, అందరికంటే తక్కువ చెప్పినవాడికి రేటు మార్కులు 30 పూర్తిగా, మిగతావాళ్ళకి ఆ నిష్పత్తిలో తక్కువ. మీకు టెక్నికల్‌లో 90 వచ్చి 1.2 కోట్లు కోట్ చేశారు, పక్కవాడికి 75 వచ్చి కోటి చెప్పాడు. మీకు 63 ప్లస్ 25, మొత్తం 88, వాడికి 52.5 ప్లస్ 30, మొత్తం 82.5. ఇరవై లక్షలు ఎక్కువ చెప్పినా మీదే. అందుకని రేటు కోసుకోవడం కంటే టీమ్ సీవీలు, అప్రోచ్ నోట్ బాగా రాయడం మీద టైమ్ పెట్టండి, సీవీలో పెట్టిన మనిషినే సైట్‌కి పంపండి. కాంట్రాక్ట్‌లో ఒకటి చూసుకోండి, ప్రాజెక్ట్ లేటైతే మీ టీమ్‌కి ఆ అదనపు నెలల మ్యాన్‌మంత్ (మనిషికి నెలకింత అని ఇచ్చే) డబ్బులు వస్తాయా లేదా. ఎయిర్‌పోర్టులు లేటవుతాయి, ఆ క్లాజ్ లేక చిన్న ఫర్మ్‌లు జీతాలివ్వలేక చేతులెత్తేశాయి.

చివరి బిల్లు అడిగే ముందు భూమి లోపలి కేబుళ్ళ యాజ్‌బిల్ట్ (నిజంగా ఎక్కడ వేశారో చూపే) డ్రాయింగులు మీరే తిరిగి చెక్ చేయండి. రెండు మూడు చోట్ల గుంత తీయించి, గీతలో చూపిన చోటే కేబుల్ ఉందో లేదో టేపు పెట్టి కొలవండి, ఫోటో తీసి తేదీతో ఫైల్‌లో పెట్టండి. ఐదేళ్ళ తర్వాత ఎవరో జేసీబీతో అక్కడ తవ్వుతారు, అప్పుడు రన్‌వే లైట్లు వెలుగుతూనే ఉండాలి.